బీరువాలో దాచిన తుపాకీ తుప్పు పట్టకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో తాతగారి నాటి పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ ఒకటి ఉంది. లైసెన్సు ఇప్పుడు నా పేరు మీద. ఇల్లు కాకినాడలో, సముద్రపు గాలి తగిలే చోట. ఆ తుపాకీని నేనొకసారి చేజేతులా పాడుచేసుకోబోయాను. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి చుట్టాలు, వాళ్ల స్నేహితులు, ఎక్కడెక్కడో లైసెన్సు ఉన్న రైతులు ఫోన్ చేసి అడిగిందే అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను.

ఏ జవాబు పాటించినా ముందు చేయాల్సింది ఒకటే: తుపాకీ తెరిచి ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూసుకోండి, తూటా కూర్చునే గదిలో (ఛాంబర్) వేలు పెట్టి మరీ చూసుకోండి. నిన్న ఖాళీ చేశానన్న గుర్తు లెక్కలోకి రాదు.

ఇనప బీరువాలో తాళం వేసి పెట్టాం. ఇంకా ఏం పాడవుతుంది?

దొంగ చేతికి చిక్కదు, పిల్లలకు అందదు. బీరువా చేసే పని అంతవరకే. తేమకి తాళం అడ్డం కాదు. పైగా మూసిన పెట్టెలో గాలి ఆడదు. ముసురు పట్టిన రోజు తలుపు తీస్తే లోపలికి పోయిన చెమ్మ, తలుపు వేశాక అక్కడే తిష్ట వేస్తుంది.

నా సంగతి చెప్తాను. లైసెన్సు నా పేరుకి మారి తుపాకీ ఇంటికి వచ్చింది మే నెలలో. చెమటలు కారుతుండగా కాసేపు చేత్తో పట్టుకుని మురిసిపోయి, తాతగారి లెదర్ కేసులోనే పెట్టి, బీరువాలో పడుకోబెట్టాను. ఏడాదిన్నర మళ్లీ ముట్టుకోలేదు. తర్వాత తీసి చూస్తే ఎడమ గొట్టం మీద ఒక బొటనవేలి ముద్ర, గోధుమరంగులో, గీతలతో సహా అచ్చుపడి ఉంది. ఇంకు పూసి కాగితం మీద వేసిన నిశానీ కూడా అంత స్పష్టంగా ఉండదు. ఆ వేలు నాదే. చెమటలో ఉప్పు ఉంటుంది, ఉప్పు తేమని లాక్కుంటుంది. ఇనుము మీద ఆ రెండూ కలిసి కూర్చుంటే ఇక చెప్పేదేముంది.

గొట్టం మీద నల్లటి పూత ఉంది కదా, అది ఆపదా?

కొంతే ఆపుతుంది. బ్లూయింగ్ అనే ఆ నలుపు పెయింటు కాదు. ఇనుము పైపొరనే ఒక పద్ధతి ప్రకారం నల్లటి ఆక్సైడుగా మారుస్తారు. చాలా పల్చటి పొర అది. నూనెని పట్టి ఉంచుతుంది, నూనె ఆరిపోతే తేమ లోపలికి దారి చూసుకుంటుంది. స్టెయిన్‌లెస్ రైఫిలైనా పూర్తిగా నిశ్చింత లేదు, సముద్రపు గాలికి దాని మీద కూడా చుక్కలు వస్తాయి.

లోపల తేమ ఎంత ఉండాలి? ఎలా తెలుస్తుంది?

గాలిలో తేమ 60 శాతం దాటిందంటే తుప్పుకి దారి తెరుచుకున్నట్టే. అలాగని ఎండగట్టెయ్యకూడదు. 35 శాతం కంటే కిందికి పోతే బట్ చెక్క (భుజానికి ఆనించే వెనక భాగం) ఎండి, కుంచించుకుపోయి, ఇనుముతో కలిసే చోట పగులుతుంది. 40 నుంచి 50 మధ్య ఉంటే ఇనుముకీ చెక్కకీ ఇద్దరికీ సుఖం. వానాకాలంలో కోస్తాలో 80 మామూలే కాబట్టి ఆ అంకె దానంతటది రాదు, మనం తెప్పించాలి.

తేమ చూపించే చిన్న డిజిటల్ మీటర్లు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. అయితే చౌకవాటిలో తేడాలుంటాయి, వాడేముందు ఇంట్లోనే పరీక్ష పెట్టండి. సీసా మూతలో వంటింటి ఉప్పు పోసి, నాలుగు చుక్కల నీళ్లతో తడి ఇసుకలా చేయండి. కరిగి నీళ్లయిపోకూడదు. ఆ మూతనీ మీటర్నీ కలిపి జిప్ కవర్లో బిగించి ఎనిమిది గంటలు వదిలేయండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది, ఉప్పు గుణం అది. మీటరు 70 చూపిస్తే అది 5 తక్కువ చెప్తోందని అర్థం. ఆ తేడాని దాని వెనకాలే పెన్నుతో రాసిపెట్టుకోండి. పరీక్ష అయ్యాక ఆ ఉప్పుని మాత్రం బీరువా దరిదాపుల్లో ఉంచొద్దు.

సిలికా జెల్ సరిపోతుందా?

రబ్బరు పట్టీతో బిగుసుగా మూసుకునే సేఫ్ అయితే సరిపోతుంది. మామూలు బీరువాకి తలుపుల మధ్య సందు, తాళం కన్నం, వెనక అతుకులు ఉంటాయి. అందులో సిలికా జెల్ పెడితే అది ఊరి గాలంతా ఆరబెట్టాలని చూసి నాలుగు రోజుల్లో చేతులెత్తేస్తుంది. ముందు కిటికీలకి అంటించే ఫోమ్ లేదా రబ్బరు పట్టీ కొని తలుపు అంచున అంటించండి. ఆ తర్వాతే జెల్ సంగతి.

చెప్పుల డబ్బాలో వచ్చే చిన్న పొట్లాలతో పని జరగదు. మా బీరువాలో అరకిలో డబ్బా పెడతాను. రంగు మారే రకం కొనండి, నారింజ రంగు ఆకుపచ్చగా మారితే దాని పని అయిపోయినట్టు. దాన్ని పళ్లెంలో పోసి 110–120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ నారింజకి వస్తుంది. నీలం నుంచి గులాబీకి మారే రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది. అది విషం, వంట చేసుకునే ఓవెన్‌లోకి రాకూడదు.

బట్టల బీరువాల్లో వేలాడదీసే తేమ పీల్చే సంచులు పెట్టొచ్చా?

వద్దు. ఈ ఒక్క జవాబు గుర్తుపెట్టుకున్నా చాలు. వాటిలో చాలావరకు కాల్షియం క్లోరైడ్ ఉంటుంది. తేమని బ్రహ్మాండంగా పీలుస్తుంది, పీల్చి ఉప్పు నీళ్లుగా మారి కింది సంచిలో నిలుస్తుంది. ఆ సంచి కారిందంటే తుపాకీకి సముద్రస్నానం చేయించినట్టే. పట్టుచీరల బీరువాలో ఉంచుకోండి.

కళ్లుప్పు మూట, కలరా ఉండలు కూడా అడుగుతుంటారు. కలరా ఉండలు పురుగుల కోసం, తుప్పుకి కాదు. ఉప్పు గురించి పైనే చెప్పాను.

అమెరికా నుంచి తమ్ముడు సేఫ్‌లో పెట్టే హీటర్ రాడ్ తెచ్చాడు. వాడొచ్చా?

రాడ్ మంచిదే, ప్లగ్గే సమస్య. అది 110 వోల్టులకి చేసింది అయితే మన 230లో పెడితే వోల్టేజీ రెట్టింపై, వేడి నాలుగింతలవుతుంది. మూసిన పెట్టెలో, నూనె గుడ్డల పక్కన! స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గు ముట్టుకోవద్దు. రాడ్ మీద ఏం రాసుందో ముందు చదవండి, కొన్ని రెండింటికీ పనికొస్తాయి.

ఈ రాడ్ తేమని పీల్చదు, గాలిని కాస్త వేడెక్కిస్తుందంతే. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని 35కి వేడి చేస్తే, అవే నీటి ఆవిర్లున్నా తేమ శాతం 60కి దిగుతుంది. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి రాడ్‌ని అడుగున అడ్డంగా బిగించాలి. ఇనుము కూడా గది కంటే వెచ్చగా ఉంటుంది గనక దాని మీద నీరు పట్టదు. సందులున్న బీరువాకి జెల్ కంటే ఇదే నయమని నా అనుభవం. కరెంటు పోతే పని ఆగుతుందని మర్చిపోవద్దు. దాని బదులు మామూలు బల్బు వేలాడదీస్తామంటారు కొందరు. బల్బు పగిలినా, గుడ్డ తగిలినా నిప్పు. నేనైతే పెట్టను.

అందమైన లెదర్ కేసు ఉంది. అందులో పెట్టి బీరువాలో పెడితే రెండింతలు భద్రం కదా?

రెండింతలు తుప్పు. తోలు పదును చేయడానికి వాడిన రసాయనాల జాడలు అందులో ఉంటాయి, పైగా అది తేమని పట్టుకుని వదలదు. లోపల ఫోమ్ ఉన్న ప్లాస్టిక్ పెట్టెలూ అంతే, ఫోమ్ స్పాంజిలాంటిదే. కేసు ప్రయాణానికి, ఇంటికి రాగానే తుపాకీ బయటికి రావాలి. తోలు బెల్టులో తూటాలు ఉంచితే వాటి ఇత్తడి అడుగున పచ్చటి చిలుము పడుతుంది, అదీ ఈ జాతిదే. తూటాలు ఎలాగూ వేరే తాళం కింద, వేరే చోట ఉండాలి.

సిలికోన్ పట్టించిన అల్లిక తొడుగులు, గన్ సాక్స్ అంటారు, దొరుకుతాయి. వాటిలో గాలి ఆడుతుంది, గీతలూ పడవు. బీరువాలో ఉంచడానికి అవి సరే.

ఏ నూనె రాయాలి? కొబ్బరినూనె పనికొస్తుందా?

వంటింటి నూనె ఏదీ వద్దు. గాలి తగిలి కొన్నాళ్లకి జిగురవుతుంది. మూకుడు అంచున పేరుకునే జిడ్డు చూశారుగా, గోరుతో గీకినా రాదు, అదే తుపాకీ లోపల ట్రిగ్గర్, స్ప్రింగులు ఉండే చోట తయారవుతుంది. కొబ్బరినూనె చలికి గడ్డకట్టడం అదనం.

మా తాతగారి తరం వాళ్లు ‘రంగూన్ ఆయిల్’ అనేవారు. బ్రిటిష్ వాళ్ల కాలంలో తుపాకులకి వాడింది బర్మా భూమిలోంచి తీసిన నూనెనే. పేరు పోయింది కానీ పద్ధతి అదే, మట్టినూనె జాతి ఖనిజ తైలమే కావాలి. ఇప్పుడు గన్ ఆయిల్ అని అమ్మేవి ఏవైనా సరే. అర్జెంటుగా ఏమీ లేకపోతే కుట్టుమిషన్ నూనె ఒక వారం పది రోజులకి సరిపోతుంది, తర్వాత పల్చబడిపోతుంది. డబ్ల్యూడీ-40 గురించి అందరూ అడుగుతారు. దాని పేరులోనే ఉంది, నీటిని తోసేయడానికి చేసిన మందు, నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది. వానలో తడిసిన తుపాకీ మీద కొట్టి, తుడిచేసి, అసలు నూనె రాయండి. దాన్నే నమ్ముకుని నెలలు వదిలేయకండి.

ఆరు నెలలు తీయం అనుకుంటే నూనె కంటే మైనం మేలు. మ్యూజియంలలో ఆయుధాలకి వాడే రెనయిజాన్స్ వ్యాక్స్ బ్రిటిష్ మ్యూజియం పరిశోధనలోంచి వచ్చింది. చిటికెడు తీసి రుద్ది, ఆరాక మెత్తటి గుడ్డతో తుడిస్తే గొట్టానికీ చెక్కకీ రెండింటికీ పనిచేస్తుంది. వేలిముద్ర కూడా పడదు.

నూనె ఎంత ఎక్కువ రాస్తే అంత మంచిది కదా?

కాదు. నిలబెట్టిన తుపాకీలో ఎక్కువైన నూనె మెల్లగా కిందికి దిగి, ఇనుము చెక్కతో కలిసే మెడ దగ్గర చేరుతుంది. ఏళ్ల తరబడి నూనె తాగిన చెక్క నల్లబడి మెత్తబడుతుంది. మెత్తబడ్డ చెక్క కాల్చినప్పుడు వచ్చే తాపుకి తట్టుకోలేక పగులుతుంది. పాత డబుల్ బ్యారెళ్లు చాలావాటికి మెడ దగ్గర సన్నటి పగులు ఉండటానికి ఇదొక కారణం.

గొట్టం మీద నూనె కనిపించకూడదు, వేలు పెడితే తెలియాలి, అంతే. కొత్తగా నూనె వేశాక రెండు రోజులు గొట్టం మూతి కిందికి ఉండేలా, కింద నాలుగు మడతల న్యూస్‌పేపర్ వేసి నిలబెట్టండి. కాగితం మీద పడే మరక చూస్తే ఎంత ఎక్కువ రాశారో మీకే తెలుస్తుంది.

నిలబెట్టాలా, పడుకోబెట్టాలా? గీతలు పడకుండా ఎలా?

నిలబెట్టడమే మంచిది. పడుకోబెడితే బరువంతా ఒకవైపు ఆనుతుంది, ఆనిన చోట చెమ్మ చేరుతుంది. డబుల్ బ్యారెల్ పొడవు దాదాపు నాలుగడుగులు. మన బీరువాలో నిలబెట్టాలంటే మధ్య అరలు తీసేయాలి, లాకర్ అడ్డం వస్తే ఇంకోవైపు చూసుకోవాలి. అదీ కుదరకపోతే డబుల్ బ్యారెల్‌ని విప్పి గొట్టాలు, ముందు చెక్క, బట్ వేర్వేరుగా తొడుగుల్లో పెట్టండి. దొంగ చేతికి పడినా వెంటనే పనికిరాదు, అదో లాభం.

రెండు తుపాకులు ఉన్నవాళ్లకే గీతల గోల. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒకరి లైసెన్సు మీద రెండుకి మించి ఉండవు గనక మన దగ్గర సేఫ్ కిక్కిరిసిపోయే బాధ తక్కువ. ఉన్న రెండింట్లో ఒకటి రైఫిలైతే, దాని బోల్టు పిడి పక్కదాని చెక్కని గీరుతుంది. బోల్టు తీసి వేరే చోట తాళం వేయండి. స్కోపు ఉంటే అది గోడవైపు తిరిగి ఉండాలి. తలుపు వేసేటప్పుడు తగిలే మొదటి వస్తువు అదే.

స్ప్రింగులు బిగిసి ఉంటే పాడవుతాయా?

పాత తుపాకులకి ఆ భయం నిజమే. సుత్తులు పైకి కనిపించని డబుల్ బ్యారెల్ తెరిచి మూయగానే లోపల స్ప్రింగులు బిగుసుకుంటాయి. వాటిని వదులు చేద్దామని ఖాళీ గొట్టం మీద ట్రిగ్గర్ నొక్కితే కొన్నిటికి తూటాని పేల్చే సూది విరుగుతుంది. స్నాప్ క్యాప్ అని, లోపల స్ప్రింగో రబ్బరో ఉన్న డమ్మీ తూటాలు దొరుకుతాయి, అవి పెట్టి, మూతిని సురక్షితమైన వైపు తిప్పి, మెల్లగా వదలండి. అయితే ఆ డమ్మీలు అసలు తూటాల్లా కనిపించకూడదు. మెరిసే రంగువే కొనండి.

దసరాకి పూజలో పెడతాం. ఏమైనా ఇబ్బందా?

చాలా ఇబ్బంది, ఎవరూ చెప్పరు! ఆయుధపూజ రోజు గొట్టానికి పసుపు రాసి, నీళ్లతో కలిపిన కుంకుమ బొట్లు పెట్టి, మూతికి నిమ్మకాయ గుచ్చేవాళ్లని చూశాను. నిమ్మరసం బ్లూయింగ్‌ని తినేస్తుంది. తడి పసుపు ఆరిన చోట ఏడాది తిరిగేసరికి బొట్టు ఆకారంలోనే గుంట పడుతుంది. మా తుపాకీకి అలాంటి బొట్లు మూడు ఉన్నాయి, మూడు తరాల భక్తి.

ఇప్పుడు మా ఇంట్లో బొట్టు బీరువా తలుపుకి పెడుతున్నాం, తుపాకీ ముందు అక్షింతలు, పువ్వులు పీట మీదే. మా అమ్మమ్మ మొదట ఒప్పుకోలేదు. గొట్టానికే పెట్టాలంటే నూనె రాసిన మీద పొడి కుంకుమ పెట్టి, హారతి అవ్వగానే తుడిచేయండి. జమ్మి చెట్టు దగ్గరికి వెళ్లొచ్చాక చూద్దాంలే అనుకుంటే మర్చిపోతారు.

ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. తిరిగొచ్చేసరికి పాడవుతోంది.

కోడ్ వచ్చాక తుపాకీ నెలల తరబడి మన చేతిలో ఉండదు. అక్కడ ఎవరూ నూనె రాయరు, అది వాళ్ల పనీ కాదు. ఇచ్చేముందే ఆరు నెలలకి సరిపడా సిద్ధం చేయండి. గొట్టం లోపల నూనె గుడ్డ లాగి, బయట మైనం పట్టించి, వీసీఐ కాగితం చుట్టండి. మిషన్ల విడిభాగాలు చుట్టి వచ్చే కాగితం అది, దానిలోంచి వచ్చే ఆవిరి ఇనుము మీద పొరలా పరుచుకుంటుంది. గన్ సాక్‌లో దించి, పేరు, నంబరు ఉన్న చీటీ కట్టండి. నాలుగు వైపులా ఫొటోలు తీసి ఉంచుకోండి. రసీదులో నంబరు సరిగా పడిందో అక్కడే చూసుకోండి. లైసెన్సున్న ఆయుధ డీలర్ దగ్గర డిపాజిట్ చేసే వీలు కూడా చట్టంలో ఉంది, మీ స్టేషన్‌లో అడిగి చూడండి. తిరిగి ఇవ్వమని ఆర్డర్ రాగానే వెళ్లి తెచ్చుకోండి, తీరిగ్గా వెళ్లేవాళ్లదే ఎక్కువ పాడవుతుంది.

పంట కాపలా లైసెన్సు మీద మజిల్ లోడర్ (మూతిలోంచి మందు కూరే తుపాకీ) ఉంది. దానికీ ఇవేనా?

దానికి ఒక పని ఎక్కువ. అందులో వాడే నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) కాలాక మిగిలే మసి గాలిలో చెమ్మని లాగేస్తుంది, ఒక్క రాత్రిలో గొట్టం లోపల ఎర్రబడుతుంది. నూనెతో ఆ మసి పోదు, వేడినీళ్లు కావాలి. గొట్టం విప్పి, మరిగే నీళ్లు పోసి కడిగితే ఆ వేడికే ఆరిపోతుంది కూడా. ఆరిన వెంటనే నూనె. మందు నింపి ఉన్నదాన్ని బీరువాలో పెట్టే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది, దయచేసి మానండి.

బీరువా ఏసీ గదిలో ఉంది. మంచిదేగా?

ఏసీ రోజంతా నడిస్తే మంచిదే. రాత్రి నడిచి పొద్దున ఆగితే, చల్లబడిన ఇనుము మీదికి పగటి వేడిగాలి వస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబుకి చెమట పట్టినట్టే. ఏసీ కారులో తెచ్చిన తుపాకీని కూడా గది వేడికి వచ్చేదాకా ఆగి, తుడిచి, అప్పుడే లోపల పెట్టండి. బీరువాని బాత్రూమ్ గోడకీ, వాన కొట్టే గోడకీ ఆనించొద్దు. నేలకి రెండంగుళాల ఎత్తులో ఉంటే చెదలు కనబడతాయి కూడా.

మేం అమెరికాలో ఉంటాం. సేఫ్ బేస్‌మెంట్‌లో ఉంది.

మీకు రెండు కాలాలు, రెండు జబ్బులు. ఎండాకాలం బేస్‌మెంట్ చల్లగా ఉంటుంది గనక పైగాలి దిగితే తేమ పెరుగుతుంది, గదికే డీహ్యుమిడిఫైయర్ కావాలి. చలికాలం హీటింగ్ వేస్తే గాలి ఎండిపోయి చెక్క పగిలే ప్రమాదం, అప్పుడు సేఫ్‌లో సిలికా జెల్ తగ్గించాలి. ఫైర్‌ప్రూఫ్ సేఫుల గోడల్లో ఉండే జిప్సమ్ బోర్డులో బరువులో ఐదో వంతు నీరే, మంటల్లో అదే ఆవిరై కాపాడుతుంది. కొత్త సేఫ్ కొన్నాక కొన్ని వారాలు మీటర్ని రోజూ చూస్తూ ఉండండి.

ఇప్పటికే తుప్పు పట్టింది. ఏం చేయాలి?

ఉప్పుకాగితం తీయకండి. నూనె రాసి ఒక రోజు నానబెట్టి, నాలుగు సున్నాల స్టీల్ ఊల్‌ని నూనెలో ముంచి, బరువు వేయకుండా రుద్దండి. ఎర్రటిది గుడ్డకి వస్తుంది, నలుపు చాలావరకు ఉంటుంది. గోరుకి గుంట తగిలినా, గొట్టం లోపల మచ్చలు కనిపించినా లైసెన్సున్న రిపేరర్‌కే చూపించాలి, అప్పటిదాకా కాల్చొద్దు. నా బొటనవేలి ముద్ర సగం పోయింది, సగం ఇంకా ఉంది. మళ్లీ బ్లూయింగ్ చేయించమన్నారు, చేయించలేదు.

ఎన్నాళ్లకోసారి తీసి చూడాలి?

వానాకాలంలో పదిహేను రోజులకి, మిగతా రోజుల్లో నెలకి. పావుగంట పని. ఖాళీ అని చూసుకోవడం, పాత బనీను గుడ్డతో తుడవడం, గొట్టంలోంచి వెలుతురు వైపు చూడటం, చేతులు తగిలిన చోటల్లా మళ్లీ నూనె గుడ్డ పెట్టడం, మీటరు అంకె రాసుకోవడం.

మా బీరువా తలుపు లోపల పాత క్యాలెండరు కాగితం అంటించి ఉంటుంది, తీసిన రోజు పక్కన పెన్సిలుతో అంకె వేస్తాను. కిందటేడు మే గడి ఖాళీ, పెళ్లిళ్ల హడావుడిలో మర్చిపోయాను. జూన్ గడిలో 72 అని ఉంది, పక్కనే ‘ట్రిగ్గర్ గార్డు కింద చుక్క’ అని.